గాల్లో నలభై అయిదు నిమిషాలు, నేల మీద రెండు గంటలు

ఎయిర్ అంబులెన్స్ పైలట్‌నని చెప్పగానే అందరూ వేగం గురించే అడుగుతారు. పేషెంటు కొడుకో అల్లుడో ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "ఎంతసేపట్లో బెంగళూరు చేరుస్తారు మేడమ్?" గాల్లో పట్టే టైము చెప్పడం తేలికే. దూరం, గాలి చూసి నిమిషాలతో సహా చెప్పేస్తాను. కింద దిగాక ఎంతసేపు పడుతుందన్నది మాత్రం నా చేతిలో ఉండదు. ఆ ఊరి ఎయిర్‌పోర్టులో ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్ద చోట ఒక యంత్రం మొరాయిస్తే ఇంకోటి తెస్తారు. చిన్న చోట ఉన్నదే ఒకటి, దాని తాళంచెవి ఎవరో ఒకరి జేబులో ఉంటుంది.

మా బేస్ బెంగళూరు హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు. ఊళ్ళో ఇప్పటికీ దాన్ని పాత ఎయిర్‌పోర్టు అనే అంటారు. 2008 మేలో దేవనహళ్ళి దగ్గర కొత్తది తెరవగానే టికెట్టు కొని ఎక్కే విమానాలన్నీ అటు వెళ్ళిపోయాయి. మిలిటరీ విమానాలు, టెస్ట్ ఫ్లైట్లు, చార్టర్లు, మాలాంటి అంబులెన్సులు ఇక్కడ మిగిలాం. పేషెంట్లకు అది మంచిదే అయింది, గేటు దాటితే ఊరి మధ్యలో ఉంటారు. నేను మురుగేష్‌పాళ్యలో అద్దెకుంటున్నదీ అందుకే. ఏ అర్ధరాత్రి కాల్ వచ్చినా సిల్క్ బోర్డు ట్రాఫిక్ మొహం చూడక్కర్లేదు.

నేను నడిపేది కింగ్ ఎయిర్ బీ200. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, గరిష్ఠ టేకాఫ్ బరువు 5,670 కిలోలు. సీట్లు కొన్ని తీసేసి స్ట్రెచరు, ఆక్సిజన్, వెంటిలేటరు బిగించారు. చిన్న రన్‌వేల మీద దిగడానికి దీన్ని మించింది లేదంటాను. దీనికున్న ఇబ్బంది కూడా చెప్పాలి. ఏపీయూ లేదు. అంటే పెద్ద జెట్లలో తోక దగ్గర ఉండే చిన్న ఇంజను, నిలబడి ఉన్నప్పుడు కరెంటు, ఏసీ ఇచ్చేది, ఇందులో ఉండదు. ఏసీ కంప్రెసరు కుడి ఇంజను మీద ఆధారపడి తిరుగుతుంది. ఇంజన్లు ఆపితే ఏసీ ఆగిపోయినట్టే. బయటి నుంచి కరెంటు పెట్టినా ఫ్యాను తిరుగుతుంది గానీ చల్లదనం రాదు. ఎండాకాలం ఏప్రన్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, అరగంట తలుపు తీసి నిలబెడితే లోపల ఎలా ఉంటుందో, వెంటిలేటరు మీదున్న మనిషికి అదేం చేస్తుందో ఊహించుకోండి.

చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే కేంద్రం పథకం ఉడాన్ వచ్చాక ఇలాంటి చిన్న ఎయిర్‌పోర్టుల అవసరం మాకు బాగా పెరిగింది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదటి విమానాలు ఎగిరినప్పుడు వాటిలో కడప–హైదరాబాద్ ఒకటి. 2021 మార్చిలో ఓర్వకల్లు వచ్చింది, మొదట్లోనే బెంగళూరుకు ఫ్లైటు పడింది. ఈ రన్‌వేలు లేకపోతే మా పేషెంట్లు రోడ్డు మీద ఆరేడు గంటలు కుదుపుల్లో రావాల్సినవాళ్ళు. అందుకని వీటిని తీసిపారేసి మాట్లాడను. కాకపోతే చాలా చోట్ల ఏర్పాట్లన్నీ రోజుకు ఒకటో రెండో ఏటీఆర్‌లు (ప్రొపెల్లర్లున్న ప్యాసింజర్ విమానాలు) వచ్చిపోయేటంత కొలతతోనే ఉంటాయి. పిలుపు లేకుండా మధ్యలో దిగే నాలాంటి వాళ్ళు ఆ లెక్కలో ఉండరు.

ఇప్పుడు చెప్పబోయే ట్రిప్పు అలాంటి ఒక చోటికి. ఊరి పేరు అనవసరం.

పని ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది. ఫ్లైట్ల ఏర్పాట్లు చూసే మా ఆప్స్‌లో మదనపల్లె కుర్రాడొకడున్నాడు. పదిమందిలో మేడమ్ అంటాడు, ఫోన్లో అక్కా అంటాడు. "అక్కా, పేషెంటు హెడ్ ఇంజురీ, వెంటిలేటర్ మీదుండాడు. రేపు మధ్యాహ్నం రెండుకు ఆసుపత్రి నుంచి బయలుదేరతారంట" అన్నాడు. నేను అడిగేవి ఎప్పుడూ ఒకటే వరసలో ఉంటాయి: వాచ్ అవర్స్ ఎంతవరకు? ఫైర్ టెండరు ఉందా? జీపీయూ (నిలబడిన విమానానికి బయటి నుంచి కరెంటు ఇచ్చే బండి) ఎవరిది? అంబులెన్స్ నంబర్ వచ్చిందా?

వాచ్ అవర్స్ అంటే టవరు తెరిచి ఉండే గంటలు. చిన్న ఎయిర్‌పోర్టులు పొద్దస్తమానం తెరిచి ఉండవు, షెడ్యూల్డ్ ఫ్లైట్ల చుట్టూతానే నడుస్తాయి. పైగా ఆ టైములన్నీ నోటామ్‌లో (పైలట్లకు వచ్చే అధికారిక నోటీసు) యూటీసీలో, అంటే గ్రీన్విచ్ టైములో ఉంటాయి, మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి. ఆ ఎయిర్‌పోర్టు 1000 యూటీసీ వరకు, అంటే మధ్యాహ్నం మూడున్నర వరకు. ఆసుపత్రి వాళ్ళు రెండుకు బయలుదేరతామన్నారంటే మూడు. రోడ్డు గంట. సరిపోదని అప్పుడే తేలిపోయింది. పొడిగింపు కోసం మెయిల్ పెట్టాలి, దానికి చార్జీ కట్టాలి. పొడిగింపు అంటే టవర్లో ఒక మనిషి కూర్చోవడం కాదు. ఫైర్ టెండరు సిబ్బంది ఉండాలి, సెక్యూరిటీ ఉండాలి, అందరూ ఇంటికి పోకుండా ఆగాలి. మా వాడు గంట అడుగుదామన్నాడు, నేను రెండు గంటలు అడగమన్నాను. ఆ రన్‌వేకి రాత్రి దీపాలు లేవు. సూర్యాస్తమయం అయ్యాక 20 నిమిషాలకు మించి వీఎఫ్ఆర్‌లో, అంటే బయటికి కళ్ళతో చూస్తూ నడిపే పద్ధతిలో, ఎగరకూడదన్నది మన రూలు. అంటే ఎంత డబ్బు కట్టినా ఒక టైము దాటితే ఇక లేనట్టే.

ఫ్లైట్ ప్లానులో 18వ ఐటెమ్‌లో ప్రాణాపాయంలో ఉన్న పేషెంటు అని మెడెవాక్ కోడ్ రాస్తాం. దాంతో గాల్లో దారి తొందరగా ఇస్తారు. ఫ్లైట్ ప్లాను నమోదైనట్టు ఎఫ్ఐసీ నంబరు, ఎయిర్‌ఫోర్స్ వైపు నుంచి అనుమతిగా ఏడీసీ నంబరు వచ్చేస్తే ఆకాశం పని అయిపోయినట్టే. ఇన్నేళ్ళలో ఆ వైపు నుంచి నన్నెవరూ ఏడిపించలేదు. పేషెంటు అంటే టవర్ల గొంతే మారుతుంది.

ఆయిలు, అంటే విమాన ఇంధనం, సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చిన్న చోటికి వెళ్తే రానూ పోనూ సరిపడా ఇక్కడే పోయించుకుంటాను, బరువు ఒప్పుకున్నంతవరకు. ఒకసారి వేరే ఊళ్ళో బౌజరు (ఆయిలు ట్యాంకరు) వచ్చింది, అందులో మా ఇంజన్లకు పోసే ఏటీఎఫ్ నిండుగా ఉంది, మనిషి కూడా సిద్ధం. కానీ దాని గొట్టానికి ప్రెజర్ కప్లింగ్ ఒక్కటే ఉంది, ఏటీఆర్‌కి కింద తగిలించి బిగించేది. మాకు రెక్క మీద మూత తీసి పైనుంచి పోయాలి, దానికి పెట్రోలు బంకులో ఉండేలాంటి గన్ కావాలి. ఆ గన్ స్టోర్లో ఉంది, స్టోరు మనిషి సెలవులో ఉన్నాడు. అంత ఆయిలు పక్కన పెట్టుకుని చుక్క పోయించుకోలేకపోయాం. అప్పటి నుంచి "ఫ్యూయల్ దొరుకుతుందా" అని అడగడం మానేసి, "రెక్క మీద పోసే గన్ ఉందా, అది బండికి తగిలించి ఉందా" అని అడుగుతున్నాం.

ఆయిలు శాంపిలు విషయంలో మాత్రం నేను కాస్త చాదస్తమే. అది జక్కూరులో పట్టింది. బళ్ళారి రోడ్డు ఫ్లైఓవరు మీద వెళ్ళేవాళ్ళకు పక్కనే కనిపించే ఆ చిన్న రన్‌వే మీద నేను సెస్నా అనే చిన్న విమానాలు నడపడం నేర్చుకున్నాను. వాటికి పోసే పెట్రోలు, అవ్‌గ్యాస్, డ్రమ్ముల్లో వచ్చేది, చేతి పంపుతో కొట్టి ఎక్కించేవాళ్ళం. అది అప్పట్లో మొత్తం దిగుమతి సరుకే, ఇండియన్ ఆయిల్ ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టింది 2022లోనే. అడుగున నీరు చేరిందేమో చూడకుండా ఎక్కిస్తే ఇన్‌స్ట్రక్టర్ వీపు చిట్లగొట్టేవాడు. ఇప్పుడు ఏటీఎఫ్‌కి సిరంజి, క్యాప్సూల్ వచ్చాయి. నీళ్ళుంటే పసుపు బిళ్ళ ఆకుపచ్చగా మారుతుంది. బౌజరు మనిషి ముందే చూశానన్నా సరే, నా కళ్ళ ముందు ఇంకోసారి తీయమంటాను. వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ.

మర్నాడు అనుకున్న టైముకే దిగాం. మార్షలర్ చక్కగా చేతులు ఊపి నిలబెట్టాడు, చక్రాలు కదలకుండా చాక్స్ పెట్టారు. టెర్మినల్ కడిగినట్టు శుభ్రంగా ఉంది. పొద్దుటి ఏటీఆర్ వెళ్ళిపోయింది, ఏప్రన్ మీద మేమొక్కళ్ళమే. ఎండ నలభై దాటింది. బ్యాటరీ వోల్టేజీ చూసి జీపీయూ ఎక్కడని అడిగాను. ఎదురుగా షెడ్డులో పసుపు రంగు బండి కనబడుతూనే ఉంది. "తాళం ఆయన దగ్గరుంది, వచ్చేస్తాడు" అన్నారు.

చిన్న చోట్ల జీపీయూ నిర్లక్ష్యానికి గురవడం వెనక ఒక కారణం ఉంది, చాలామందికి తెలియదు. ఏటీఆర్‌కీ ఏపీయూ లేదు. కానీ దానికి హోటల్ మోడ్ అని ఒకటుంది. కుడి ప్రొపెల్లరుకు బ్రేకు వేసి, ఇంజను మాత్రం నడుపుతూ కరెంటు, ఏసీ తీసుకుంటారు. జనం వెనక తలుపు నుంచి ఎక్కుతారు, ఇంజను దాని పాటికి అది తిరుగుతుంది. వాళ్ళకు రోజూ జీపీయూతో పనే పడదు. అందుకని ఆ బండి వారాల తరబడి షెడ్డులో ఉంటుంది, దాన్ని చూసే మనిషికి వేరే పది పనులుంటాయి. మా ప్రొపెల్లరుకు అలాంటి బ్రేకు లేదు. ఇంజను నడిపితే ప్రొపెల్లరు తిరుగుతుంది. పక్క నుంచి స్ట్రెచరు ఎక్కిస్తూ ప్రొపెల్లరు తిప్పడానికి మా కంపెనీ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

బ్యాటరీతో స్టార్ట్ చేయలేమా అని మీరు అడగొచ్చు. చేయొచ్చు, కనీసం 23 వోల్టులు ఉంటే. ఈ లోపల మెడికల్ సామాను, ఫ్యాను అన్నీ ఆ బ్యాటరీనే తాగుతుంటాయి. బలహీనమైన బ్యాటరీతో ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే, ఆ స్థితిలో ఆయిలు వదిలితే లోపలి టెంపరేచరు జర్రున పైకి పోతుంది. హాట్ స్టార్ట్ అంటాం. ఇంజను పాడయితే అక్కడ బాగు చేసేవాళ్ళుండరు. పేషెంటును మళ్ళీ రోడ్డెక్కించాల్సిందే.

మా వాడు బెంగళూరు నుంచి నాలుగైదు ఫోన్లు తిప్పి ఆ తాళంచెవి మనిషి నంబరు పట్టాడు. అనంతపురం వైపు మనిషని తెలిసి నాకే ఇచ్చాడు, "మీరు తెలుగులో మాట్లాడండక్కా, పనవుతాది" అని. చేశాను. "బువ్వ తింటాండా మేడమ్. నాకెవురూ చెప్పలే విమానం వస్తాదని. చెయ్యి కడుక్కోని వచ్చేస్తాండా." నిజంగానే చెప్పలేదు. మా మెయిలు అక్కడ మా పనులు చూసే హ్యాండ్లింగ్ ఏజెంటుకు వెళ్ళింది, వాళ్ళు "నోటెడ్" అని జవాబిచ్చారు, అక్కడితో ఆగింది. ఆయన స్కూటరు మీద పావుగంటలో వచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నాకాయన మీద కోపం లేదు. రెండక్షరాల జవాబు కొట్టి చేతులు దులుపుకున్నవాళ్ళ మీద ఉంది.

ఈలోగా గేటు దగ్గర గొడవ. ఎయిర్‌సైడ్‌లోకి అంబులెన్స్ రావాలంటే బండి నంబరు, డ్రైవరు, కూడా వచ్చేవాళ్ళ గుర్తింపు కార్డులు ముందే పంపి పాసు తీసుకోవాలి. ముందు రోజే పంపాం. ఆసుపత్రి వాళ్ళు చివరి నిమిషంలో బండి మార్చారు. ఏసీ పనిచేయడం లేదని ఇంకోటి పంపారట. మంచి పనే. మాకు చెప్పలేదు. పాసులో ఒక నంబరు, బండి మీద ఇంకో నంబరు. గేటు దగ్గర జవాను ఆపేశాడు. లోపల పేషెంటు, పక్కన కొడుకు అరుస్తున్నాడు, "మా నాయన ప్రాణం పోతే ఎవురు జవాబుదారీ?"

నేను టార్మాక్ మీద నుంచి గేటు దాకా నడిచి వెళ్ళాను. జవానుది తప్పంటే నేనొప్పుకోను. ఏ నంబరు బండి వచ్చినా లోపలికి వదిలేసే గేటు ఉన్న ఎయిర్‌పోర్టులో విమానం నిలబెట్టడానికి నాకే భయం. కొడుకును పక్కకు తీసుకెళ్ళి, "మీ నాయన లోపల ఏసీలో ఉన్నాడు, డాక్టరు పక్కనే ఉన్నారు. బయట ఎండలో ఉన్నది మా విమానమే. ఈ పది నిమిషాలు ఆయన ఇక్కడే మేలు" అన్నాను. అది ఓదార్పు కోసం అన్నమాట కాదు, నిజం. ఎయిర్‌పోర్టు మేనేజరు స్వయంగా వచ్చి చేత్తో కొత్త పాసు రాసి సంతకం పెట్టాడు. అక్కడ పనులు ఆలస్యం చేసినవాళ్ళున్నట్టే, కుర్చీ వదిలి గేటు దాకా ఎండలో నడిచొచ్చినవాళ్ళూ ఉన్నారు.

స్ట్రెచరు ఎక్కించడం చూడనివాళ్ళకు అదెంత పనో తెలియదు. బీ200 తలుపు ఎడమ వైపు వెనక ఉంటుంది. కిందికి తెరిస్తే అదే మెట్లవుతుంది. ఆ మెట్ల మీద ఒకసారికి ఒక్క మనిషే నిలబడాలి, అంతకంటే బరువు మోయదు. పక్కన చేతికి పట్టుగా ఉండే తీగల్లో ఒకటి కొక్కెం తీసి పక్కకు తప్పించాలి. తలుపు గడప మీద ర్యాంపు కొక్కేలు కూర్చోబెట్టి, స్ట్రెచరును తల వైపు ముందుగా ఆ ర్యాంపు మీద జరిపి, లోపల మలుపు తిప్పి బేస్ మీద క్లిక్ అనేదాకా నెట్టాలి. తలుపు వెడల్పు మనిషి భుజాల కంటే కాస్త ఎక్కువ, అంతే. వెంటిలేటరు గొట్టం, ఆక్సిజన్ గొట్టం, సెలైన్ తీగలు ఏదీ గడపకు తగలకూడదు. మా డాక్టరు లోపలి నుంచి తల పట్టుకుంటాడు, నర్సు గొట్టాలు చూస్తుంది, కింద నలుగురు కావాలి.

ఆ నలుగురూ ఎవరు? ఏజెంటు ఇద్దరినే పంపాడు. ఏటీఆర్ లోడర్లు ఇద్దరు నీడలో కూర్చుని ఉన్నారు, వాళ్ళ షిఫ్టు అయిపోయింది. పిలవకుండానే లేచొచ్చారు. వాళ్ళల్లో పెద్దాయన సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని, స్ట్రెచరు లోపలికి పోయేదాకా చెయ్యి దించలేదు. "నిదానం, నిదానం, ఎడమకు" అని ఆయనే చెబుతుంటే మిగతావాళ్ళు జరిపారు. సూట్‌కేసులు విసిరేస్తారని లోడర్ల గురించి నేను విన్న కథలన్నీ ఆ పూట కొట్టుకుపోయాయి.

జీపీయూ ప్లగ్గు కుడి రెక్క కింద పెట్టించి, వోల్టేజీ 28 దగ్గర నిలకడగా ఉందో లేదో చూశాను. మొదట్లో కాసేపు ఊగింది. తాళంచెవి ఆయన ఏదో నాబ్ తిప్పాడు, నిలబడింది. ఒక ఇంజను స్టార్ట్ చేసి, ప్లగ్గు తీయించి, ఆయన బండితో సహా దూరం జరిగేదాకా ఆగి, జనరేటరు వేసి రెండోది తిప్పాం. ఏసీ చల్లదనం వెనక్కి తగలగానే డాక్టరు బొటనవేలు చూపించాడు. గంట పొడిగింపే తీసుకుని ఉంటే అప్పటికి టవరు మూసేసేవాళ్ళే.

బెంగళూరులో చెప్పుకోడానికేమీ లేదు. అప్రోచ్ నేరుగా ఇచ్చారు, అంబులెన్స్ ఏప్రన్ మీదే నిలబడి ఉంది, పాసులో నంబరూ బండి నంబరూ ఒకటే. పోలీసులు జీరో ట్రాఫిక్ ఇచ్చారు. తలుపు తెరిచిన కాసేపటికి పేషెంటు పాత ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఉన్నాడు.

ఆ తర్వాత మేం మార్చుకున్నవి రెండు మూడే. ఏజెంటుకు మెయిలు పెట్టి ఊరుకోం. జీపీయూ, గన్, ర్యాంపు మనుషులు, ఎవరి దగ్గర ఏ తాళం ఉందో వాళ్ళతో నేరుగా మాట్లాడితేనే ఆప్స్ కుర్రాడు టిక్కు పెడతాడు. ఆసుపత్రిని ఒకటి కాదు, రెండు బండ్ల నంబర్లు ఇవ్వమంటాం, రెండిటికీ పాసు తీసి ఉంచుతాం. పేషెంటు గేటు దాటేదాకా విమానం తలుపు తీసిపెట్టం, తెర్లు దించి ఉంచుతాం. ఎండకు అదే పెద్ద ఉపశమనం.

కొన్ని వారాలకు అకౌంట్స్ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, ఏజెంటు బిల్లులో జీపీయూ రెండు గంటలని వేశారు. అంతసేపు వాడారా?" అని. వాడింది ఇరవై నిమిషాలు కూడా ఉండదు. మిగతా టైమంతా అది తాళంలో ఉంది. ప్లగ్గు పెట్టిన టైము, తీసిన టైము రాసి తాళంచెవి ఆయనా నేనూ సంతకాలు పెట్టిన చీటీని ఆ రోజే ఫోటో తీసుకున్నాను. ఆమెకు వాట్సాప్‌లో పంపాను. సవరించిన బిల్లు వచ్చింది, అందులో లోడర్లు నలుగురికని చార్జీ వేశారు. ఏజెంటు పంపింది ఇద్దరినే కదా, దాని మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి. మిగతా ఇద్దరి డబ్బు ఇచ్చేట్టయితే ఆ పెద్దాయన చేతికే ఇస్తామని రాయమన్నాను.